యువతతో పనిచేసేవారికి ఆరోగ్య శిక్షణ: మాకున్నవి రెండు రోజులు, ఏమి నేర్పించమంటారు?

మెట్లదారి (సోమవారం, రాత్రి 9:40)

అందరికీ నమస్కారం. ఇక్కడ చదవడమే తప్ప రాయడం ఇదే మొదటిసారి.

మాది చిన్న సంస్థ. పదకొండు మందిమి. పదమూడు నుంచి ఇరవై నాలుగేళ్ల వయసువాళ్లు సాయంత్రాలు మా దగ్గరికి వస్తారు. ఆటలు, చదువులో సాయం, ఉద్యోగాలకు దరఖాస్తులు, ఎక్కువగా ఊరికే కూర్చోవడం. మాలో డాక్టర్లు లేరు, కౌన్సెలర్లు లేరు. (యువజన కార్యకర్తనని ఎవరికైనా చెబితే ముందు ఏ పార్టీ అని అడుగుతారు. మా హోదా అది.)

విషయానికి వస్తాను. నెల కిందట తాళం వేసే వేళకు ఒక అబ్బాయి బ్యాగు భుజాన వేసుకుంటూ తలుపు దగ్గర ఆగి, "నేను లేకపోయినా ఎవరికీ పెద్ద తేడా తెలియదులెండి" అన్నాడు. మా సహోద్యోగి ఒకరు నవ్వి, "పిచ్చి మాటలు మాట్లాడకు, రేపు కలుద్దాం" అని పంపించేశారు. ఆ అబ్బాయి క్షేమంగానే ఉన్నాడు. కానీ ఆ సహోద్యోగికి ఆ రాత్రి నిద్ర లేదు. మర్నాడు చెబుతున్నప్పుడు ఆమె గొంతు వణికింది. "నాకు ఏమనాలో తెలియలేదు, అందుకే నవ్వాను" అంది.

ఇది యాజమాన్యం దాకా వెళ్లింది. జట్టు మొత్తానికి రెండు రోజుల శిక్షణకు ఒప్పుకున్నారు. ఇప్పుడు నా ముందున్న జాబితా చూడండి: మానసిక ఆరోగ్య ప్రథమ చికిత్స, ఆత్మహత్యల నివారణ, మత్తు పదార్థాలు, పోషకాహారం, లైంగిక ఆరోగ్యం, మామూలు ప్రథమ చికిత్స, ఒత్తిడి నిర్వహణ, నిద్ర. అన్నీ అవసరమైనవిగానే కనిపిస్తున్నాయి. ఉన్నవి రెండే రోజులు. ఏది ఎంచుకోవాలి?

మాజీ నర్సు (సోమవారం, రాత్రి 10:25)

మీ సహోద్యోగికి నా తరఫున ఒక మాట చెప్పండి. నవ్వడం ఆమె ఒక్కరి తప్పు కాదు. నర్సుగా నా మొదటి ఏడాదిలో నేను నవ్వలేదు గానీ, రోగి చేతికి థర్మామీటరు ఇచ్చాను. భయం వేసినప్పుడు చేతికి దొరికిన పని చేసేస్తాం.

మానసిక ఆరోగ్య ప్రథమ చికిత్సతో మొదలుపెట్టమంటాను. బెట్టీ కిచెనర్ అనే నర్సు, టోనీ జోర్మ్ అనే పరిశోధకుడు కలిసి 2000లో ఆస్ట్రేలియాలో ప్రారంభించిన కోర్సు ఇది. తర్వాత చాలా దేశాలకు వెళ్లింది. టీనేజీ పిల్లలతో మెలిగే పెద్దల కోసం విడిగా ఒక రూపం కూడా ఉంది. అందులో చెప్పేది వైద్యం కాదు. దగ్గరికి వెళ్లడం, తీర్పు చెప్పకుండా వినడం, ధైర్యం ఇవ్వడం, నిపుణుల దగ్గరికి వెళ్లేలా ప్రోత్సహించడం, ఇంట్లోనో స్నేహితుల్లోనో ఇంకెవరు అండగా ఉంటారో చూడటం, అంతే. మీకు కావలసింది సరిగ్గా అదే అనిపిస్తోంది.

మీ దగ్గరికి వచ్చే వయసే అసలు వయసు కూడా. అమెరికాలో కెస్లర్ బృందం 2005లో ప్రచురించిన పెద్ద సర్వేలో, జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు వచ్చే మానసిక సమస్యల్లో సగం పద్నాలుగేళ్లకే, ముప్పావు వంతు ఇరవై నాలుగేళ్లకే మొదలవుతున్నాయని తేలింది. అంటే చాలామంది విషయంలో ముందుగా చూసే అవకాశం డాక్టరుకు కాదు, మీకే వస్తుంది.

పాతకాపు (మంగళవారం, ఉదయం 6:15)

మాజీ నర్సు గారి మాట కాదనను. కానీ ఆ కోర్సు గురించి ఉన్న ఆధారం ఎంతవరకో కూడా చెప్పాలి. నేర్చుకున్నవారికి తెలివిడి పెరుగుతుంది, ధైర్యం పెరుగుతుంది, చిన్నచూపు తగ్గుతుంది. వారి సాయం అందుకున్నవారి ఆరోగ్యం మెరుగుపడిందా అని 2023లో కాక్రేన్ (వైద్య పరిశోధనలన్నిటినీ కలిపి తూచే అంతర్జాతీయ సంస్థ) సమీక్ష వెతికితే, ఔననడానికీ కాదనడానికీ తగిన ఆధారం చిక్కలేదు. కోర్సు పనికిరాదని నేను అనడం లేదు. ధ్రువపత్రం గోడకు తగిలించగానే పిల్లలు బాగుపడిపోతారని అనుకోవద్దంటున్నాను.

పన్నెండేళ్లు నేను శిక్షకుడిగా పనిచేశాను. నా మీద నేనే ఫిర్యాదు చేస్తున్నాననుకోండి. ప్రతి కోర్సు చివర అభిప్రాయ పత్రాలు పంచేవాళ్లం. అయిదుకు నాలుగున్నర పైనే వచ్చేది. ఛాతీ విరుచుకుని తిరిగేవాణ్ని. ఒకసారి ఏదో పని మీద ఆరు నెలల తర్వాత అలాంటి ఒక సంస్థకే వెళ్లాను. నేనిచ్చిన దస్త్రాలు అలమరలో ప్లాస్టిక్ కవరు కూడా విప్పకుండా ఉన్నాయి. నన్ను చూసి ఒకాయన సంతోషంగా, "మీ కోర్సు చాలా బాగుందండీ!" అన్నారు. ఏమి గుర్తుందని అడిగితే, నేను చెప్పిన ఒక హాస్య కథ చెప్పారు.

శిక్షణను నాలుగు మెట్లలో కొలవాలని డొనాల్డ్ కిర్క్‌పాట్రిక్ 1959లోనే రాశారు: నచ్చిందా, నేర్చుకున్నారా, పనిలో మారారా, ఫలితం మారిందా. మేము మొదటి మెట్టు మీదే కూర్చుని పైకి చూడటం మానేశాం.

అందుకే మెట్లదారి గారూ, ఏ అంశం అన్న ప్రశ్నకు ముందు, మూడో నెలలో మీ పదకొండు మందీ ఏమి చేయగలగాలో ఒక్క వాక్యంలో రాయండి. ఆ తర్వాత జాబితా తీయండి.

సందేహాల సంచి (మంగళవారం, ఉదయం 8:50)

నాదొక భయం. తప్పయితే తిట్టకండి. ఆత్మహత్య గురించి అడగడం నేర్పించే కోర్సులంటే నాకు గుబులు. ఆ ఆలోచనే లేని పిల్లవాడిని అడిగి, లేనిది తలలో పెట్టినట్టు కాదా? మా కేంద్రంలో ఆ మాట ఎత్తవద్దనే పద్ధతి ఉంది.

మాజీ నర్సు (మంగళవారం, ఉదయం 9:30)

తిట్టడం ఎందుకు, ఇది అందరికీ ఉండే భయమే. అయితే దీన్ని పరీక్షించి చూశారు. న్యూయార్క్ రాష్ట్రంలోని ఆరు హైస్కూళ్లలో 2,342 మంది విద్యార్థులతో గౌల్డ్ అనే పరిశోధకురాలి బృందం ఒక ప్రయోగం చేసి, 2005లో ప్రచురించింది. మొదటి రోజు సర్వేలో సగం మందిని ఆత్మహత్య ఆలోచనల గురించి అడిగారు, మిగతా సగాన్ని అడగలేదు. అప్పుడూ, రెండు రోజుల తర్వాతా చూస్తే, అడిగిన గుంపులో బాధ గానీ ఆ ఆలోచనలు గానీ పెరగలేదు. అప్పటికే కుంగుబాటు లక్షణాలున్న పిల్లలకైతే అడగడం వల్ల హాని జరగకపోగా, కొంత ఊరట దొరికిన సూచనలు కనిపించాయి. 2014లో ఇలాంటి పరిశోధనలన్నిటినీ కలిపి చూసిన సమీక్ష కూడా అదే దారిలో ఉంది.

అడగకపోతే వాడు ఒంటరిగా మోస్తాడు. మీ పద్ధతిని ఒకసారి పైవారితో మాట్లాడి చూడండి.

గట్టుమీద (మంగళవారం, మధ్యాహ్నం 1:10)

అడగాలన్నది సరే. తెలుగులో ఎలా అడగాలి? అక్కడే నా బండి ఆగిపోయింది.

నేను వెళ్లిన కోర్సులో పాఠమంతా అనువాదం. "నీకు ఆత్మహత్యా ఆలోచనలు ఉన్నాయా?" అని అడగమన్నారు. బాగానే ఉంది. కానీ పదిహేనేళ్ల పిల్లతో ఆ మాట అంటే దరఖాస్తు నింపుతున్నట్టు ఉంటుంది. పైగా ఆ మాటలోనే హత్య ఉంది. పత్రికల్లో వాడే "అఘాయిత్యానికి పాల్పడటం" ఇంకా ఘోరం, నేరం చేసినవాళ్ల సరసన నిలబెడుతుంది. పోనీ మెత్తగా అందామని "ఏమైనా చేసుకుంటావా?" అంటే, అందులో అడిగేవాడి భయం తప్ప ప్రశ్న లేదు. అన్నిటికన్నా పెద్ద తాళం "పిచ్చి పిచ్చి ఆలోచనలేమీ పెట్టుకోలేదు కదా?" అన్నది. దానికి "లేదు" తప్ప ఇంకో జవాబు ఎవరైనా ఇస్తారా? జవాబు ముందే రాసిచ్చి సంతకం పెట్టమన్నట్టు.

మేము నలుగురం కూర్చుని రెండు గంటలు దీని మీదే గడిపాం. చివరికి మిగిలింది ఇది: "ఇంత బాధలో ఉన్నప్పుడు కొంతమందికి చనిపోవాలని అనిపిస్తుంది. నీకు అలా అనిపిస్తోందా?" అంతే. తర్వాత నోరు మూసుకోవాలి. ఆ ఊరుకోవడమే అన్నిటికన్నా కష్టం. లోపల ఏడు అంకెలు లెక్కపెట్టుకోమన్నారు. నేను మూడు దగ్గరే మాట్లాడేశాను.

ఇంకొక సంగతి. పిల్లలు "నాకు డిప్రెషన్" అన్నప్పుడు ఒక్కోసారి అది మామూలు విసుగే. ఏమీ అనకుండా వారం రోజులు "తలనొప్పి" అన్నవాడు నిజంగా మునిగిపోతూ ఉండవచ్చు. లక్షణాల పట్టిక చదివినంత మాత్రాన ఇది అందదు. మన పిల్లలు వాడే మాటలతో సాధన చేయిస్తారా లేదా అని శిక్షకుణ్ని ముందే అడగండి.

మెట్లదారి (మంగళవారం, సాయంత్రం 5:45)

గట్టుమీద గారూ, మీ వాక్యం కాగితం మీద రాసుకున్నాను. మా వాళ్లు కూడా మూడు దగ్గరే ఆగుతారు, పందెం.

పాతకాపు గారు అడిగిన ఒక్క వాక్యం గురించి రోజంతా ఆలోచించాను. ఇంతవరకు వచ్చింది: "ఎవరైనా పిల్ల లేదా పిల్లవాడు బాధ చెప్పినప్పుడు మాలో ఎవరైనా సరే పారిపోకుండా అక్కడే ఉండి, సూటిగా అడిగి, ఆ రోజే సరైన చోటికి చేర్చగలగాలి." ఇందులో పోషకాహారం లేదు, నిద్ర లేదు. తప్పా?

పంతొమ్మిదో మెట్టు (మంగళవారం, రాత్రి 11:55)

నేను మీలా పనిచేసే మనిషిని కాను, మీ దగ్గరికి వచ్చే వయసు మనిషిని. రాయవచ్చో లేదో తెలియదు గానీ రాస్తున్నాను.

మా కేంద్రంలో అన్నయ్యలు, అక్కలు ఏదో శిక్షణకు వెళ్లి వచ్చారు. వచ్చిన వారమే మాకు తెలిసిపోయింది. అందరి ముఖాలూ ఒకేలా మారిపోయాయి. తల ఒక పక్కకు వంచి, "నువ్వు చాలా బాధపడుతున్నట్టు నాకు అనిపిస్తోంది" అంటారు. బస్సు తప్పిపోయిందని చెప్పినా అదే. నా స్నేహితురాలు పరీక్ష పోయిందని చెబితే, ఆమె అన్న మాటనే తిప్పి మూడుసార్లు అన్నారట. ఆమె లేచి వచ్చేసింది. చిలకతో మాట్లాడినట్టుంది అంది.

మాకు ఏమి కావాలంటే, ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చోవద్దు. పక్కన నడుస్తూనో, ఏదో సర్దుతూనో అడగండి, కళ్లలోకి చూడకుండా చెప్పడం తేలిక. ఒకటి చెప్పాక మర్నాడు మీరు మమ్మల్ని చూసి ఇబ్బందిపడకండి. వారం తర్వాత "ఆ సంగతి ఎలా ఉంది?" అని ఒక్కసారి అడగండి. నన్ను అలా ఒక్కరే అడిగారు. ఆమె ఏ కోర్సుకూ వెళ్లలేదు.

పాతకాపు (బుధవారం, ఉదయం 6:05)

పంతొమ్మిదో మెట్టూ, రాయవచ్చా అని సందేహమెందుకు, ఈ వరుసలో అన్నిటికన్నా పనికొచ్చే మాట నీదే.

ఆ చిలక పలుకులకు కారణం నాకు తెలుసు. ఎదుటివారి మాటను తిరిగి అందించడమనేది నిజమైన నైపుణ్యమే. విలియం మిల్లర్ అనే మనస్తత్వవేత్త 1983లో మద్యం సమస్యతో వచ్చినవారి కోసం రాసిన పద్ధతిలో అది ఒక భాగం. తర్వాత స్టీఫెన్ రోల్‌నిక్‌తో కలిసి పెంచారు. అయితే రెండు రోజుల వర్క్‌షాపులో పైపెంకు మాత్రమే చేతికొస్తుంది. మిల్లర్ స్వయంగా ఇది పరీక్షించారు. 2001లో మౌంట్ అనే మరొకరితో కలిసి ప్రచురించిన చిన్న అధ్యయనంలో, ఒక్క వర్క్‌షాపు తర్వాత నేర్చుకున్నవారు తమకు బాగా వచ్చేసిందని రాసిచ్చారు. వారి సంభాషణల టేపులు వింటే మార్పు కొంచెమే. ఎదుటివారి ధోరణిలో తేడా రాలేదు. సొంత పద్ధతి గురించి అలా ప్రచురించడానికి గుండె కావాలి.

ఆయనే 140 మందితో మరో ప్రయోగం చేసి 2004లో ప్రచురించారు. వర్క్‌షాపు తర్వాత సంభాషణ విని తప్పొప్పులు చెప్పడం గానీ, ఫోనులో కోచింగ్ గానీ జోడించిన గుంపుల్లో నైపుణ్యం ఇంకా పెరిగింది. అందుకే నా సలహా: రెండు రోజులనూ ఒకేసారి ఖర్చు పెట్టేయకండి. ఒక రోజు నేర్చుకోండి. రెండో రోజును ముక్కలు చేసి నెలకో రెండు గంటలు చొప్పున సాధనకు దాచుకోండి. శిక్షణ సంస్థలు ఒప్పుకోవు, ఒకేసారి రావడం వారికి సులువు. పట్టుబట్టండి.

తొలి అడుగు (బుధవారం, ఉదయం 10:20)

అందరూ మనసు గురించే మాట్లాడుతున్నారు. ఒంటి సంగతి ఎవరికీ పట్టదా?

ఫుట్‌బాల్ ఆడిస్తూ ఒక అమ్మాయికి మూర్ఛ రావడం చూశాను. నలుగురు పెద్దవాళ్లున్నారు. ఇద్దరు కాళ్లూ చేతులూ అదిమి పట్టుకున్నారు, ఒకరు నోట్లో గుడ్డ పెట్టబోయారు. అన్నీ తప్పే. అదిమి పట్టకూడదు, నోట్లో ఏమీ పెట్టకూడదు. చుట్టూ తగిలే వస్తువులు తీసి, తల కింద మెత్తగా ఏదైనా పెట్టి, గడియారం చూడాలి. అయిదు నిమిషాలు దాటితే అంబులెన్సు. కుదుపులు ఆగాక పక్కకు తిప్పి పడుకోబెట్టాలి. ఇది నేర్పడానికి పావుగంట చాలు.

గుండె ఆగినప్పుడు ఛాతీ నొక్కడం కూడా అంతే. నిమిషానికి 100 నుంచి 120 సార్లు, పెద్దవారికి అయిదు నుంచి ఆరు సెంటీమీటర్ల లోతు. అంకెలు చదివితే రాదు, బొమ్మ మీద చెమట పట్టేదాకా నొక్కితేనే వస్తుంది. ఆ నైపుణ్యం కూడా మూడు నుంచి ఆరు నెలల్లో జారిపోతుంది. ధ్రువపత్రం మీద మాత్రం రెండేళ్లో మూడేళ్లో రాసి ఉంటుంది! పాతకాపు గారి ముక్కల పద్ధతి దీనికీ పనికొస్తుంది.

నిద్రలేని పక్షి (బుధవారం, రాత్రి 11:30)

జాబితాలో "ఒత్తిడి నిర్వహణ" అని ఒకటి ఉంది కదా, దాని గురించి నా ఉక్రోషం వెళ్లగక్కనివ్వండి.

నేను పనిచేసిన చోట ఏడాదికి ఒకసారి క్షేమ దినం జరిపేవారు. చాపలు పరిచి, కళ్లు మూసుకుని ఊపిరి పీల్చమనేవారు. ఊపిరి పీలుస్తూ ఉండగానే నా ఫోను మోగేది. ఇద్దరు మనుషుల పని ఒకరికి అంటగట్టి, రాత్రి పన్నెండు దాకా ఫోను ఆన్‌లో ఉంచమని, ఏడాదికో రోజు ప్రశాంతంగా ఉండమంటే ఎలా? విలియం ఫ్లెమింగ్ అనే పరిశోధకుడు బ్రిటన్‌లోని 233 సంస్థల్లో 46,336 మంది ఉద్యోగుల సమాచారం చూసి 2024లో ప్రచురించారు. ధ్యానం, ఒత్తిడి తరగతులు, క్షేమం యాప్‌ల లాంటివాటిలో పాల్గొన్నవారు పాల్గొననివారికన్నా మెరుగ్గా లేరు. సేవా కార్యక్రమాల్లో పాల్గొనడం ఒక్కటే కొంచెం మినహాయింపుగా కనిపించింది. ఆ వ్యాసం అచ్చు తీసి మా పాత మేనేజరు బల్ల మీద పెట్టాలని చాలాసార్లు అనుకున్నాను.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో బర్నవుట్‌ను (పనిలో పూర్తిగా అలసి ఖాళీ అయిపోవడాన్ని) జబ్బుగా కాకుండా, పనికి సంబంధించిన స్థితిగా వర్గీకరించింది. సరిగ్గా నిభాయించని పని ఒత్తిడి వల్ల వస్తుందని అందులోనే ఉంది. అంటే చక్కదిద్దాల్సింది పనిని. నా ఊపిరిని కాదు.

వేసవి నీడ (గురువారం, ఉదయం 7:40)

నిద్రలేని పక్షి గారూ, మీ కోపం న్యాయమే. కానీ ఊపిరిని అంత తీసిపారేయకండి. కష్టమైన మాట వినే ముందు నాలుగు నెమ్మది శ్వాసలు తీసుకోవడం నన్ను చాలాసార్లు నిలబెట్టింది. అది పని భారానికి మందు కాదు, అంతవరకు ఒప్పుకుంటాను.

నాకు నిజంగా ఉపయోగపడింది సూపర్‌విజన్. తెలుగులో పర్యవేక్షణ అనగానే ఎవరో వెనుక నిలబడి తప్పులు వెతుకుతున్నట్టుంటుంది, అది కాదు. పదిహేను రోజులకోసారి, నా మీద అధికారం లేని ఒక అనుభవజ్ఞురాలితో గంటసేపు. ఎవరితో ఏమి మాట్లాడాను, ఎక్కడ తడబడ్డాను, ఏది ఇంటికి మోసుకెళ్లాను అన్నది మాట్లాడుకుంటాం. మెట్లదారి గారి సహోద్యోగికి ఆ రాత్రి కావలసింది అదే కదా.

ఒక హెచ్చరిక కూడా. ఘోరమైన సంఘటన జరిగిన వెంటనే అందరినీ గుండ్రంగా కూర్చోబెట్టి వివరాలన్నీ చెప్పించే ఒక్కసారి డీబ్రీఫింగ్‌ను ఎవరైనా అమ్మజూపితే ఒప్పుకోకండి. అది తర్వాతి మానసిక గాయాన్ని నివారించదని, కొందరికి చెరుపు కూడా చేయవచ్చని కాక్రేన్ సమీక్ష ఎప్పుడో చెప్పింది. దాని బదులు ప్రపంచ ఆరోగ్య సంస్థ 2011లో తెచ్చిన మానసిక ప్రథమ సాయం మార్గదర్శి చూడండి. చూడు, విను, కలుపు: మూడే పనులు. చెప్పమని ఎవరినీ బలవంతపెట్టకూడదని అందులో స్పష్టంగా ఉంది.

సందేహాల సంచి (గురువారం, మధ్యాహ్నం 2:15)

మాజీ నర్సు గారి జవాబు మా పైవారికి చూపించాను. ఆలోచిస్తామన్నారు. ఇంకో సందేహం. పిల్లలు "ఎవరికీ చెప్పనని ఒట్టు వేస్తేనే చెబుతా" అంటారు. అప్పుడు?

గట్టుమీద (గురువారం, మధ్యాహ్నం 3:00)

ఒట్టు వేయకండి. నేను వేశాను. పదహారేళ్ల అమ్మాయి. చెప్పింది విన్నాక చెప్పక తప్పదని తెలిసింది. చెప్పాను. ఆమెకు సాయం అందింది, ఇప్పుడు బాగుంది. నాతో మాత్రం మళ్లీ మాట్లాడలేదు. నేను చేసింది సరైనదే, అయినా ఆమె కోపమూ సరైనదే. మాట ఇచ్చి తప్పింది నేను.

ఇప్పుడు ముందే చెబుతున్నాను, కేంద్రంలో చేరిన మొదటి రోజే: "నువ్వు చెప్పింది నా దగ్గరే ఉంటుంది. నీ ప్రాణానికి గానీ ఇంకొకరికి గానీ ముప్పు ఉందనిపిస్తే మాత్రం ఇంకొకరి సాయం తీసుకుంటాను. అదీ ముందు నీకు చెప్పాకే." చివరి ముక్కను ఎక్కడి చట్టం ఎంతవరకు అనుమతిస్తుందో, ఎవరికి, ఎంతలోగా తెలియజేయాలంటుందో శిక్షణలో తేల్చుకోండి. పిల్లవాడి భద్రతకే అది దెబ్బ అయ్యే సందర్భాలూ ఉంటాయి, ఇంట్లోనే హింస ఉన్నప్పుడు లాగా.

మాజీ నర్సు (గురువారం, రాత్రి 9:05)

మెట్లదారి గారూ, "ఇందులో పోషకాహారం లేదు, నిద్ర లేదు, తప్పా?" అని అడిగారు, ఎవరూ జవాబు చెప్పలేదు. తప్పు కాదు. వాటిని ఉపన్యాసాలుగా కాకుండా ప్రశ్నలుగా పెట్టుకోండి. కౌమార వైద్యంలో ఒక వరుస ఉంది, గోల్డెన్‌రింగ్, కోహెన్ 1988లో ప్రచురించారు. ఇంటితో మొదలై చదువు, వ్యాపకాలు, మత్తు, లైంగికత మీదుగా చివరికి కుంగుబాటు, ఆత్మహత్య ఆలోచనల దాకా వెళుతుంది. తేలికైనవి ముందు, బరువైనవి వెనుక. డాక్టర్ల కోసం చేసింది కాబట్టి పట్టిక పెట్టుకుని మీరు అడగవద్దు. వరుస తెలిసి ఉంటే మాటల మధ్యలో ఎక్కడ ఉన్నామో తెలుస్తుంది.

నిద్ర గురించి ఒక్కటి: 13 నుంచి 18 ఏళ్లవారికి ఎనిమిది నుంచి పది గంటలు కావాలి. ఆ వయసులో శరీర గడియారమే వెనక్కి జరుగుతుంది, నిద్ర ఆలస్యంగా వస్తుంది. "బద్ధకం" అనే ముందు అది గుర్తు తెచ్చుకుంటే చాలు.

పాతకాపు (శుక్రవారం, ఉదయం 6:10)

శిక్షకుణ్ని ఎంచుకునేటప్పుడు ఒక చిట్కా. మీ అర్హతలేమిటని అడిగితే రెండు పేజీలు పంపిస్తారు. బదులుగా ఇలా అడగండి: "తరగతిలో ఎవరైనా ఏడిస్తే మీరేమి చేస్తారు?" పదకొండు మందిలో ఒకరికో ఇద్దరికో ఈ సంగతులు సొంత ఇంట్లో జరిగి ఉంటాయి. మంచి శిక్షకురాలికి జవాబు సిద్ధంగా ఉంటుంది: ముందే అంశం చెబుతాం, బయటికి వెళ్లడానికి అనుమతి అడగనక్కర్లేదు, తోడుగా రెండో మనిషి ఉంటారు, సాయంత్రం ఫోను చేస్తాం. "అలా ఎప్పుడూ జరగలేదండీ" అంటే వద్దని చెప్పేయండి. జరిగింది, ఆయన చూడలేదు.

ఇంకొకటి. ఫలానా చోటికి పంపండి అని స్లయిడ్లు చూపిస్తారు. తరగతిలోనే ఫోను తీసి ఆ నంబర్లకు చేయించండి.

మెట్లదారి (ఏడు వారాల తర్వాత, ఆదివారం, సాయంత్రం 4:20)

ఆలస్యానికి క్షమించండి. ఏమి చేశామో చెబుతానని మనసులో అనుకుని రాయకుండా ఉండిపోయాను.

ఒకేసారి రెండు రోజులు వద్దన్నందుకు మొదటి శిక్షణ సంస్థ తప్పుకుంది. రెండో చోట ఒకావిడ ఒప్పుకున్నారు. ఏడిస్తే ఏమి చేస్తారని అడిగితే, "మీలో ఎవరికైనా ఈ అంశం ఇబ్బందా అని నేనే ముందు మిమ్మల్ని అడగాలి" అన్నారు. అక్కడే ఖాయం చేసుకున్నాం. ఒక పూర్తి రోజు అయింది, రెండు గంటల సాధన ఒకటి అయింది, ఇంకో రెండు ఉన్నాయి. ఒక సాధన పూట తొలి అడుగు గారికి కేటాయించాం, బొమ్మతో సహా.

మొదటి రోజు సగభాగం ఒకే వాక్యం మీద గడిచింది, గట్టుమీద గారిది. జంటలుగా నిలబడి అడగాలి, తర్వాత ఊరుకోవాలి. నేను రెండు దగ్గరే మాట్లాడేశాను. పందెం నేనే ఓడినట్టు. ఆ నవ్విన సహోద్యోగి ఏడు దాకా వెళ్లింది. పక్కపక్కనే నడుస్తూ అడగడం కూడా చేశాం. పంతొమ్మిదో మెట్టు రాసింది చదివి వినిపిస్తే, శిక్షకురాలు ముందు నవ్వి తర్వాత రాసుకున్నారు.

మధ్యాహ్నం నంబర్లకు ఫోన్లు చేశాం. మా గోడ మీద ఎన్నేళ్లుగానో వేలాడుతున్న పట్టికలో తొమ్మిది ఉన్నాయి. మూడు పనిచేయవు. ఒకటి మధ్యాహ్నం దాకానే. ఒకటి పద్దెనిమిదేళ్లు నిండినవారికి మాత్రమే, అంటే మా పిల్లల్లో చాలామందికి పనికిరాదు. ఆ పట్టికను లామినేషన్ చేయించింది నేనే.

ఫోన్ల గురించి నిద్రలేని పక్షి గారి రాతను యాజమాన్యానికి చదివి వినిపించాను (ఉక్రోషం తీసేసి). రాత్రి తొమ్మిది తర్వాత ఒక్కరి ఫోనే ఆన్‌లో ఉంటుంది, వంతులవారీగా. సూపర్‌విజన్‌కు ఇంకా మనిషి దొరకలేదు.

ఆ అబ్బాయి గురించి అడుగుతారని తెలుసు. ఆమె అతన్ని అడిగింది. ఏమన్నాడో రాయను, అది అతనిది. వస్తున్నాడు.

పంతొమ్మిదో మెట్టు (ఆదివారం, సాయంత్రం 6:35)

పనిచేయని ఆ మూడు నంబర్ల స్థానంలో ఏమి పెట్టారు?

మెట్లదారి (ఆదివారం, రాత్రి 8:15)

ఒకదానికి దొరికింది, రాత్రిపూట కూడా ఎత్తుతున్నారు, రెండుసార్లు చేసి చూశాం. మిగతా రెండు గళ్లూ ఖాళీగానే ఉంచి పట్టిక మళ్లీ తగిలించాం. ఈసారి లామినేషన్ లేదు. పక్కనే పెన్సిలు కట్టాం, ప్రతి నెలా మొదటి సోమవారం ఎవరో ఒకరు అన్నిటికీ ఫోను చేసి తేదీ వేయాలి. రేపు నా వంతు.